5 వెయిట్ రాడ్‌కి అయిదున్నర లైన్ ఎందుకు? (కొలరాడో, ట్రౌట్, 600 డాలర్ల బడ్జెట్)

ప్లాట్_ఒడ్డు (డెన్వర్)

అందరికీ నమస్కారం. ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన తేలిక గాలాన్ని, అంటే ఫ్లైని, లావుపాటి బరువు దారంతో విసిరి చేప పట్టడం) సామాను మొదటిసారి కొనాలి. సౌత్ ప్లాట్‌లో డెక్కర్స్ దగ్గర ఎక్కువ, క్లియర్ క్రీక్‌లో అప్పుడప్పుడు. ట్రౌట్ మాత్రమే. వేడర్స్ (నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) కాకుండా 600 డాలర్లు పెట్టగలను. ఎవరిని అడిగినా 9 అడుగుల 5 వెయిట్ ఫాస్ట్ యాక్షన్ (ఎక్కువగా కొస దగ్గరే వంగే గట్టి) రాడ్ తీసుకోమంటున్నారు, మళ్ళీ దాని మీదకి "అర సైజు ఎక్కువ" లైన్ వేయమంటున్నారు. 5 రాడ్‌కి 5 లైన్ చాలకపోతే దాని మీద 5 అని ఎందుకు రాసినట్టు? ఇంకో మాట కూడా చెప్పండి. వెయ్యి డాలర్ల రాడ్‌కీ రెండొందల రాడ్‌కీ ఉన్న తేడా చేతికి తెలుస్తుందా, ప్రకటనల్లోనే కనిపిస్తుందా?

గాలమయ్య (బోయిసీ)

మంచి ప్రశ్న, ముందు అంకెల సంగతి చూద్దాం.

లైన్ నంబరు అంటే మొదటి 30 అడుగుల బరువు, గ్రెయిన్లలో (గ్రాము కంటే చాలా చిన్న కొలత). పట్టు లైన్ల కాలంలో మందాన్ని బట్టి అక్షరాలు ఉండేవి. నైలాన్, పీవీసీ లైన్లు వచ్చాక ఒకే మందం ఉన్న రెండు లైన్లు వేర్వేరు బరువు తూగడం మొదలైంది. అందుకే 1960 ప్రాంతంలో అమెరికా తయారీదారుల సంఘం బరువు లెక్క తెచ్చింది. 4 అంటే 120 గ్రెయిన్లు, 5 అంటే 140, 6 అంటే 160, 8 అంటే 210. కాస్త అటూఇటూ ఒప్పుకుంటారు. 5కి 134 నుంచి 146 వరకు, 6కి 152 నుంచి 168 వరకు.

గమనించాల్సింది ఏంటంటే, ఈ ప్రమాణం లైన్‌కే ఉంది, రాడ్‌కి లేదు. రాడ్ మీద 5 అని రాయడం కంపెనీవాడి అభిప్రాయం, అంతే. 1973లో ఫెన్విక్ గ్రాఫైట్ రాడ్ తెచ్చిన దగ్గర్నుంచి ప్రతి తరం రాడ్ ముందు దానికంటే బిగుసుకుంటూ వచ్చింది. షాపు బయట పార్కింగ్‌లో 70 అడుగులు విసిరి చూసేవాడికి గట్టి రాడ్డే నచ్చుతుంది. అలా పాతకాలం 6 రాడ్డంత గట్టిది ఇవాళ 5 పేరుతో అమ్ముడవుతోంది. దానికి 140 గ్రెయిన్లు వేస్తే వంగదు. అప్పుడు లైన్ కంపెనీలు 150, 160 గ్రెయిన్ల లైన్ చేసి దాని మీద కూడా 5 అనే రాశాయి. రియో గ్రాండ్ పూర్తిగా ఒక సైజు బరువు, సైంటిఫిక్ యాంగ్లర్స్ ఎంపిఎక్స్ అర సైజు బరువు. వాళ్ళేమీ దాచలేదు, డబ్బా మీద రాసే ఉంటుంది. చదివేవాళ్ళు తక్కువ.

ఇంట్లోనే తూచుకోవచ్చు. 0.01 గ్రాము చూపించే నగల తూకం మిషన్ చాలు. లైన్ ముందు కొస దగ్గర సన్నగా ఒకే మందంలో ఉండే ముక్క (ఆరంగుళాల లోపు) వదిలేసి, అక్కడి నుంచి 30 అడుగులు టేపుతో కొలిచి మార్కర్‌తో గీత పెట్టండి. ఆ భాగాన్ని చుట్ట చుట్టి పళ్ళెంలో పెట్టండి, మిగతా లైన్ బరువు పళ్ళెం మీద పడకుండా అదే ఎత్తులో పక్కన పుస్తకాల మీద ఉంచండి. 9.07 గ్రాములు వస్తే 140 గ్రెయిన్లు, అసలు సిసలు 5. 10.37 వస్తే అది 6.

కొర్రమీను_కరీంనగర్ (డాలస్)

గాలమయ్యన్నా, లెక్క కరెక్టే గానీ మొత్తం మార్కెటింగే అంటే ఒప్పుకోను. ఆ 140 గ్రెయిన్లు 30 అడుగుల లైన్ బయట ఉంటేనే. క్లియర్ క్రీక్ లాంటి దాంట్ల బండల నడుమ 15 అడుగుల లైన్ బయట ఉంటే గొప్ప. ముందు భాగం సన్నగ ఉంటది కాబట్టి సగం లైన్‌కి సగం బరువు కూడా రాదు. అప్పుడు రాడ్ వంగాలంటే బరువు లైన్ కావాల్సిందే. కొత్తగ నేర్చుకునేటోళ్ళకు రాడ్ వంగుడు చేతికి తెలిస్తెనే టైమింగ్ పట్టుబడ్తది. అర సైజు ఎక్కువ వేసుడు తప్పేం కాదు.

గాలమయ్య (బోయిసీ)

క్లియర్ క్రీక్‌కి ఒప్పుకుంటా. డెక్కర్స్‌కి మాత్రం కాదు. అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేపలు రోజంతా మనుషుల్ని చూస్తూ బతుకుతాయి, 20, 22 సైజు (నంబరు పెరిగేకొద్దీ చిన్నవి) ఫ్లైలు వాడాల్సి వస్తుంది. బరువు లైన్‌కి ముందు టేపర్ (కొస వైపు సన్నబడే భాగం) పొట్టిగా, లావుగా ఉంటుంది, నీళ్ళ మీద చప్పుడుతో పడుతుంది. మొదటి కాస్ట్‌కే చేప పారిపోతుంది. గట్టి రాడ్ కొని, దాన్ని వంచడానికి బరువు లైన్ కొని, ఆ లైన్ చప్పుడు తగ్గించడానికి 12 అడుగుల లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం) కట్టే బదులు, మొదట్లోనే మీడియం యాక్షన్ రాడ్ తీసుకుని నిజమైన 5 లైన్ వేసుకుంటే పోలేదా?

డబుల్ టేపర్ లైన్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదు ఈమధ్య. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక కొస పగుళ్ళు పట్టాక తిప్పి చుట్టుకోవచ్చు. 40 అడుగుల లోపు చేపలకి వెయిట్ ఫార్వర్డ్‌తో (బరువంతా ముందు భాగంలోనే ఉండే లైన్) సమానంగా పని చేస్తుంది, రోల్ కాస్ట్‌కి (వెనక్కి విసరకుండా లైన్‌ని ముందుకి దొర్లించడం) ఇంకా మెరుగు. ఒక్క ధరకి రెండు లైన్లు వచ్చే సరుకు గురించి ఏ కంపెనీ ప్రకటన వేస్తుంది చెప్పండి.

సాల్ట్_సూరి (టాంపా)

ఫాస్ట్ యాక్షన్‌ని మరీ తిట్టకండి గురువుగారూ. సముద్రం ఒడ్డున 20 మైళ్ళ ఎదురుగాలిలో రెడ్ ఫిష్‌కి 60 అడుగులు వేయాలంటే మెత్తటి రాడ్‌తో అవ్వదు. 8 వెయిట్‌కి అది అవసరం. తప్పు ఎక్కడుందంటే, అదే గుణాన్ని ట్రౌట్ రాడ్‌కి కూడా గొప్పగా అంటగట్టారు.

రాడ్ నంబరు నమ్మలేం అన్నారు కదా, దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. కామన్ సెంట్స్ అంటారు, బిల్ హానెమన్ పెట్టింది. రాడ్ పిడిని బల్లకి అడ్డంగా కదలకుండా బిగించాలి. కొసకి కాగితం క్లిప్‌తో చిన్న ప్లాస్టిక్ సంచి వేలాడదీసి అందులో ఒక్కొక్క సెంటు నాణెం వేయాలి. కొస, రాడ్ పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా (9 అడుగుల రాడ్‌కి 36 అంగుళాలు) వేసి నాణేలు లెక్కపెట్టాలి. 1983 నుంచి వచ్చిన సెంట్లన్నీ 2.5 గ్రాములే, అందుకే అవి వాడతారు. ఆ స్థితిలో కొస ఏ కోణంలో ఉందో కూడా చూడాలి. 66 డిగ్రీలు దాటితే ఫాస్ట్, 59 లోపైతే స్లో. ఇద్దరు స్నేహితుల 5 వెయిట్ రాడ్లు పక్కపక్కన పెట్టి చేయండి, నాణేల లెక్కలో తేడా చూసి ఆశ్చర్యపోతారు.

బోజ్‌మన్_బాబాయ్ (మోంటానా)

ధర సంగతి ఎవరూ ఎత్తలేదు. వెయ్యి డాలర్ల రాడ్‌లో గ్రాఫైట్ గుడ్డ, జిగురు, కార్క్, గైడ్లు (లైన్ దూరే రింగులు) అన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదు. మిగిలింది అమెరికాలో కూలి, షాపు లాభం, ప్రకటనలు, వారంటీ. ఈ చివరిది ముఖ్యం. 1989లో ఆర్విస్ 25 ఏళ్ళ గ్యారంటీ మొదలుపెట్టింది, ఎలా విరిగినా సరే అని. మిగతా పెద్ద కంపెనీలు కూడా అదే దారి పట్టక తప్పలేదు, కొన్ని మొదటి యజమానికి జీవితకాలం అన్నాయి. కారు తలుపులో పెట్టి విరగ్గొట్టేవాడి ఖర్చు జాగ్రత్తగా వాడుకునేవాడి ధరలో కలిసిపోయింది. పైగా "ఉచితం" అన్నా హ్యాండ్లింగ్ ఫీజు, పోస్టేజీ ఉంటాయి. రెండొందల రాడ్‌కి అది చెల్లించేకంటే ఇంకాస్త వేసుకుని కొత్తది కొనొచ్చు అనిపించే సందర్భాలుంటాయి.

ఖరీదైన రాడ్‌లో నిజంగా దొరికేది మూడు. బరువు తక్కువ, మరీ ముఖ్యంగా కొస తేలిక. విసిరాక కొస ఊగడం త్వరగా ఆగుతుంది. నాలుగు ముక్కలూ ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయి. 50 అడుగులు తిన్నగా వేయడం వచ్చినవాడికి ఇవి తెలుస్తాయి. రానివాడికి తెలియవు, దానిలో సిగ్గుపడాల్సిందీ లేదు.

నాలుగేళ్ళకోసారి కొత్త మోడల్ రావడం మనకి మేలే. పాత మోడల్ షాపుల్లో 30, 40 శాతం తగ్గింపుకి వచ్చేస్తుంది. రాడ్ మారలేదు, పేరే పాతబడింది.

ప్లాట్_ఒడ్డు (డెన్వర్)

బాబాయ్ గారూ, విరగడం అంటే ఎక్కువగా ఎలా విరుగుతాయి? చేప లాగితేనా?

సాల్ట్_సూరి (టాంపా)

చేప వల్ల విరిగేవి తక్కువ. వరసగా చెప్తా:

కారు తలుపు, సీలింగ్ ఫ్యాన్. వీటికి మందు లేదు.

టంగ్‌స్టన్ పూస ఉన్న ఫ్లై వెనక్కి వచ్చేటప్పుడు రాడ్‌కి తగలడం. ఎక్కువ మాడ్యులస్ (బిగువు) గ్రాఫైట్ అంటే గోడ పల్చన, కంటికి కనపడని గంటు పడుతుంది. ఆ రోజు ఏమీ కాదు, తర్వాత ఎప్పుడో చిన్న చేపకి టప్పున విరుగుతుంది. అప్పుడు "రాడ్ నాసిరకం" అంటారు. బరువు ఫ్లై వేసేటప్పుడు లూప్ (గాల్లో లైన్ తిరిగే వంపు) పెద్దగా, ఓవల్‌గా తిప్పాలి.

చేపని వలలోకి లాక్కునేటప్పుడు రాడ్ నిటారుగా ఎత్తి వెనక్కి వంచడం. భారమంతా సన్నటి కొస మీద పడుతుంది. రాడ్‌ని పక్కకి వంచి మొదలు భాగంతో లాగాలి.

ఇక ఫెర్రూల్ (రాడ్ ముక్కలు కలిసే కీలు) వదులవడం. గంటకోసారి ముక్కలు బిగుసుకున్నాయా అని చేత్తో చూసుకోవాలి. మగ భాగం మీద మామూలు కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దితే జారదు. ఇరుక్కుపోతే మెలితిప్పి లాగొద్దు, కీలు మీద ఐసు పెట్టి తిన్నగా లాగండి.

డ్రైఫ్లై_శారద (సియాటిల్)

సామాను సరే, మనుషుల సంగతి కూడా చెప్పుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళని భయపెట్టేది ధర ఒక్కటే కాదు, "అది ఫ్లై ఫిషింగే కాదు" అనే గొంతు కూడా.

ఈ గొడవ కొత్తదేం కాదు. ఇంగ్లండ్ సుద్దరాతి నదుల మీద రచయిత హాల్‌ఫర్డ్ అనుచరులు, పైకొచ్చి తింటున్న చేపకి దిగువన నిలబడి ఎగువకి తేలే ఫ్లై వేయడమే ధర్మం అన్నారు. స్క్యూస్ అనే ఇంకో రచయిత నీళ్ళలోపల నింఫ్ (మునిగే ఫ్లై) వేస్తే తప్పేంటన్నాడు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీని మీద ఏకంగా చర్చాసభే పెట్టారు. ఇవాళ అదే వాదన యూరో నింఫింగ్ మీద నడుస్తోంది. "లైన్ విసరడం లేదు, పొడుగాటి నైలాన్ దారంతో బరువు వేస్తున్నారు, అది మామూలు గాలమే" అంటారు. తమాషా ఏంటంటే, అలా అనేవాళ్ళలో చాలామంది బొటనవేలంత బెండు కట్టి నింఫ్ వేస్తారు.

టిప్పెట్_5ఎక్స్ (పిట్స్‌బర్గ్)

శారద గారూ, యూరో మీద నా అభ్యంతరం ధర్మం గురించి కాదు, అమ్మకం గురించి. దాని పేరు చెప్పి ప్రత్యేక రాడ్, ప్రత్యేక రీల్, ప్రత్యేక లైన్, ప్రత్యేక చొక్కా అమ్ముతున్నారు. 9 అడుగుల 5 వెయిట్‌తోనే మొదలుపెట్టొచ్చు.

లీడర్ ఇలా కట్టండి. 20 పౌండ్ల నైలాన్ 10 అడుగులు, దానికి 12 పౌండ్లది 4 అడుగులు, దానికి రెండు రంగుల సైటర్ దారం (చేప తాకింది కంటికి తెలియడానికి) 2 అడుగులు, చివర చిన్న టిప్పెట్ రింగు. రింగు నుంచి 5ఎక్స్ గానీ 6ఎక్స్ గానీ టిప్పెట్ (ఫ్లై కట్టే చివరి దారం, ఎక్స్ నంబరు పెరిగితే ఇంకా సన్నం) 4 నుంచి 6 అడుగులు, అంటే నీటి లోతుకి కాస్త ఎక్కువ. రెండు ఫ్లైలైతే కింద బరువుది, 20 అంగుళాల పైన తేలికది. సైటర్ నీళ్ళ పైన ఉండాలి, ప్రవాహం కంటే ముందు పోకూడదు. సైటర్ ఆగినా, ఒక్క క్షణం వెనకబడినా ఎత్తేయాలి.

5 వెయిట్‌తో ఇబ్బంది ఎక్కడంటే, లావు లైన్ గైడ్ల బయటికి వస్తే దాని బరువుకే వెనక్కి కుంగుతుంది, ఫ్లై మనవైపు జరిగిపోతుంది. అందుకే 15, 20 అడుగుల దగ్గరే చేయాలి. నచ్చితే అప్పుడు 10 అడుగుల 3 వెయిట్ ఆలోచించండి. సన్నటి "కాంపిటీషన్" లైన్ కూడా చేపల కోసం పుట్టింది కాదు. ప్రపంచ పోటీలు నడిపే ఫిప్స్-మూష్ నియమాల్లో ఫ్లై లైన్ కనీసం 0.55 మిల్లీమీటర్ల మందం ఉండాలన్నారు, లీడర్ రాడ్‌కి రెండింతలు దాటకూడదన్నారు. సరిగ్గా ఆ 0.55 దగ్గర ఆగేలా లైన్ చేశారు. పోటీకి వెళ్ళనివాడికి ఆ నియమంతో పనేముంది, పైన చెప్పిన నైలాన్ దారం 5 డాలర్లలో అయిపోతుంది.

డ్రైఫ్లై_శారద (సియాటిల్)

అది నిజం. జిగ్ హుక్ (మెడ వంగిన గాలం), స్లాటెడ్ (గాడి ఉన్న) టంగ్‌స్టన్ పూస, పెర్డిగాన్ (నున్నగా, త్వరగా మునిగే నింఫ్) మాత్రం పోటీల నుంచి వచ్చిన మేలు. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, ఇత్తడిది 8.5 దగ్గర. అదే సైజు ఫ్లై ఇంకా వేగంగా దిగుతుంది, సీసం గొడవ లేదు. ఎల్లోస్టోన్ పార్కులో సీసం నిషేధం కూడా ఉంది.

బోజ్‌మన్_బాబాయ్ (మోంటానా)

మార్కెట్ అలల్లో నాకు బాగా నచ్చింది 2011 నాటిది. ఆడపిల్లలు జుట్టులో కోడి ఈకలు కట్టుకోవడం ఫ్యాషనైంది. డ్రై ఫ్లైలకి (నీటి మీద తేలేవి) చుట్టే పొడుగాటి గ్రిజ్లీ సాడిల్ ఈకలే (చారల కోడి నడుము ఈకలు) వాళ్ళకీ కావాలి. బ్యూటీ పార్లర్ల వాళ్ళు ఫ్లై షాపులు ఊడ్చేశారు, ధర ఎన్నో రెట్లు పోయింది. ఫ్లైలు కట్టుకునేవాళ్ళు లబోదిబోమన్నారు. తర్వాత ఫ్యాషన్ పోయింది, ఈకలు తిరిగి అల్మారాల్లోకి వచ్చాయి. 1992లో "ఎ రివర్ రన్స్ త్రూ ఇట్" అనే హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు ఇక్కడి నదుల మీద జనం, 2020 కోవిడ్ అప్పుడు మళ్ళీ జనం. 2009 నుంచి "సింపుల్" అనే మాటతో టెంకారా (రీలు లేని జపాన్ పద్ధతి). రీలు లేకపోవడాన్నే సరుకుగా అమ్మడం తెలివైన పనే, నిజానికి క్లియర్ క్రీక్‌కి 12 అడుగుల టెంకారా కర్ర భేషుగ్గా ఉంటుంది.

ఫోటోల పిచ్చి మాత్రం బాగాలేదు. చేపని వలలో నీళ్ళలోనే ఉంచి, కెమెరా సిద్ధమయ్యాక తడి చేతులతో ఎత్తి, నీళ్ళు కారడం ఆగేలోపు దించేయాలి. నీళ్ళు 68 ఫారెన్‌హీట్ (20 సెల్సియస్) దాటితే ట్రౌట్ జోలికి పోకూడదు, వదిలినా బతకడం కష్టం. ఇక్కడ మోంటానాలో వరసగా మూడు రోజులు 73 తాకితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా మూసేస్తారు. 15 డాలర్ల థర్మామీటర్‌కి ఏ ప్రకటనా కనపడదు, అదే ముందు కొనండి.

ప్లాట్_ఒడ్డు (డెన్వర్)

ఫ్లోరోకార్బన్ (నైలాన్‌కి బదులు వాడే ఇంకో ప్లాస్టిక్ దారం) టిప్పెట్ అవసరమా? నైలాన్‌కి మూడు రెట్లు ఉంది.

టిప్పెట్_5ఎక్స్ (పిట్స్‌బర్గ్)

"చేపకి కనపడదు" అన్నది సగం మాటే. వక్రీభవన సూచిక నీటికి 1.33, ఫ్లోరోకి 1.42, నైలాన్‌కి 1.53 దగ్గర. తేడా ఉంది గానీ అదృశ్యం ఏమీ కాదు. అసలు లాభం సాంద్రత: ఫ్లోరో 1.78, నైలాన్ 1.14. మునుగుతుంది, రాయికి గీసుకున్నా తట్టుకుంటుంది, నీళ్ళు పీల్చుకోదు. నింఫ్‌లకి ఫ్లోరో, తేలే ఫ్లైలకి నైలాన్. తేలే ఫ్లైకి ఫ్లోరో కడితే చిన్న ఫ్లైని కిందికి లాగుతుంది.

మందం లెక్క: 11 లోంచి ఎక్స్ నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతులు. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం. ఫ్లై సైజుని 3తో భాగిస్తే దాదాపు సరిపోయే ఎక్స్ వస్తుంది, 16కి 5ఎక్స్. డెక్కర్స్‌లో 22కి 7ఎక్స్ అనిపిస్తుంది గానీ 6ఎక్స్‌తో చేపని త్వరగా తేవచ్చు, అదే మంచిది. రెండు రకాల దారాలు కలిపేటప్పుడు ట్రిపుల్ సర్జన్ ముడి వేసి, ఉమ్మితో తడిపి, నాలుగు కొసలూ ఒక్కసారే లాగండి. పొడిగా లాగితే వేడికి ఫ్లోరో అక్కడే బలహీనపడుతుంది. నైలాన్ చుట్ట మీద కొన్న సంవత్సరం రాసుకోండి, రెండో ఏడు దాటనివ్వొద్దు.

హైద్రాబాద్_చేపలోడు (హైదరాబాద్)

అన్నలూ, ట్రౌట్ లేని మా సంగతేంది? ఇక్కడ చెరువుల్ల కొర్రమీనుకు ఫ్లై పనికొస్తదా?

కొర్రమీను_కరీంనగర్ (డాలస్)

మస్తు పనికొస్తది తమ్మీ. తెలంగాణ రాష్ట్ర చేప గదా, దానికి తగ్గ సామానే ఉండాలె. 8 వెయిట్ రాడ్, తేలే లైన్, పొట్టి లావు లీడర్: 40 పౌండ్లది 4 అడుగులు, 25 పౌండ్లది 2 అడుగులు. టేపర్ లెక్కలు అక్కర్లేదు. ఫ్లై అంటే ఫోమ్‌తో కట్టిన కప్ప, 1/0 లేదా 2/0 గాలం, ముందు 20 పౌండ్ల నైలాన్ రెండు పోగులు వంచి కట్టాలె, లేకుంటే తూటికాడలో ఇరుకుతది. ఇక్కడ మాత్రం బరువు లైన్ కావాలె, తేలిక లైన్‌తో ఆ కప్ప గాల్ల తిరగదు. కొట్టంగనే గుంజొద్దు, నోరు మూసుకోని తిరిగేదాక ఒక క్షణం ఆగి, రాడ్ ఎత్తకుండ చేత్తో లైన్‌ని గట్టిగ గుంజు. నోరు గట్టిది, రాడ్ ఎత్తితే మెత్తగ వంగి గాలం దిగదు.

నీళ్ళ మీద ఎర్రెర్రగ పిల్లల గుంపు కదులుతుంటె దాని కింద తల్లీదండ్రీ కాపలా ఉంటయ్. వాటి మీదికి వెయ్యకు. పెద్దవి పోతె మిగతా చేపలు పిల్లల్ని నిమిషాల్ల తినేస్తయ్. చెరువు మత్స్య సహకార సంఘానిదైతే వాళ్ళను అడిగినాకనే.

ప్లాట్_ఒడ్డు (డెన్వర్)

అందరికీ థ్యాంక్స్. లిస్టు ఇలా రాసుకున్నా: పాత మోడల్ మీడియం-ఫాస్ట్ 9 అడుగుల 5 వెయిట్ 230, సీల్డ్ డిస్క్ డ్రాగ్ (నీళ్ళు చొరని బ్రేకు) రీల్ 190, డబుల్ టేపర్ 5 లైన్ 60, లీడర్లు, టిప్పెట్, ఫ్లైలు 80, థర్మామీటర్ 15, ఫోర్సెప్స్, వల 25. సరిపోయిందా?

గాలమయ్య (బోయిసీ)

రీల్‌లో 100 తగ్గించండి. 5 వెయిట్ ట్రౌట్‌కి రీల్ పని లైన్ దాచుకోవడమే. బ్రేకు ఎంత గట్టిదన్నది కాదు, మొదలయ్యేటప్పుడు జర్క్ లేకుండా వదులుతుందా అన్నది చూడండి. రీల్‌కి 6ఎక్స్ కట్టి మెల్లగా లాగి చూస్తే తెలిసిపోతుంది. సీల్డ్ డ్రాగ్ ఉప్పునీళ్ళకీ ఇసుకకీ. ఆ 100లో 40 పెట్టి మంచి రబ్బరు వల కొనండి, నూలు వల చేప జిగురు గీసేస్తుంది. మిగతా 60తో ఒక గంట కాస్టింగ్ పాఠానికి వెళ్ళొచ్చు.

బ్యాకింగ్ (రీల్ మీద లైన్ వెనక ఉండే అదనపు దారం) 20 పౌండ్ల డాక్రాన్. డబుల్ టేపర్ లైన్ వెయిట్ ఫార్వర్డ్ కంటే ఎక్కువ చోటు తింటుంది కాబట్టి రీల్ మీద రాసిన 100 గజాలు పట్టకపోవచ్చు. ముందు లైన్ చుట్టి, దాని మీద బ్యాకింగ్ చుట్టి, అంచుకి పావు అంగుళం ఉండగా కత్తిరించి, మొత్తం విప్పి తిప్పి చుట్టుకోండి. నిండా చుడితే నదిలో వదులుగా చుట్టుకున్నప్పుడు లైన్ రీల్ ఫ్రేముకి రాసుకుని పైపూత లేస్తుంది. దోమల మందు రాసుకున్న చేత్తో మాత్రం లైన్ ముట్టుకోకండి, అందులోని డీట్ అనే రసాయనం పీవీసీని కరిగిస్తుంది.

ప్లాట్_ఒడ్డు (డెన్వర్)

వేడర్స్ పాతవి ఒకరు ఇస్తానంటున్నారు. ఎక్కడో కారుతున్నాయట. తీసుకోవచ్చా?

బోజ్‌మన్_బాబాయ్ (మోంటానా)

గోరెటెక్స్‌వైతే తీసుకోండి. లోపలి వైపు పైకి తిప్పి, సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి చిమ్మండి. చిల్లి ఉన్నచోట నల్లటి చుక్క తేలుతుంది. పెన్నుతో గుండ్రం గీసి, ఆరాక పావలా బిళ్ళంత ఆక్వాసీల్ (వేడర్స్ అతికే జిగురు) రాసి రాత్రంతా వదిలేయండి. కుట్టు వెంబడి గీతలా నల్లబడితే టేపు ఊడినట్టు, అది అతికించినా నిలవదు, వద్దనండి. బూట్ల అడుగున ఫెల్ట్ (దట్టమైన ఉన్నిలాంటి గుడ్డ) ఉందేమో చూడండి, ఎల్లోస్టోన్ పార్కుకి వచ్చే ఆలోచన ఉంటే పనికిరాదు, 2018 నుంచి అక్కడ నిషేధం. రబ్బరు అడుగుకి మేకులు కొట్టించుకోండి.